తస్వీర్ ఎవరిది?

ముస్లిం అనే మాట వినగానే మీ కళ్లముందుకు ఏ ఫోటో వస్తుంది? దాపరికం లేకుండా చెప్పుకుందాం. రంజాన్ పండుగ తెల్లారి పేపరు మొదటి పేజీలో ఈద్గాలో వరసలు వరసలుగా వంగిన వీపులు. చార్మినార్ ముందు నల్ల బుర్ఖాలో కళ్లు మాత్రమే కనిపించే ఆడమనిషి. టోపీలు పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్న ఇద్దరు చిన్నపిల్లలు. ఇవి పండుగ ఫోటోలు. పండుగ కానప్పుడు వచ్చేది ఇంకొకటుంది. మొహానికి నల్లగుడ్డ తొడిగి ఇద్దరు పోలీసుల మధ్య నిలబెట్టిన కుర్రాడు.

ఏళ్ల తరబడి ఈ నాలుగైదు ఫోటోలే తిరిగి తిరిగి వస్తున్నాయి. కోరుట్లలో బీడీలు చేసే ముస్లిం, ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో హమాలీ చేసే ముస్లిం, జగిత్యాల బస్టాండు పక్కన పంక్చర్లు వేసే ముస్లిం, బడిలో తెలుగు పద్యం చెప్పే ముస్లిం వీటిలో ఎక్కడా లేరు. టోపీ లేకపోతే, బుర్ఖా లేకపోతే మేం ఫోటోకు పనికిరాము. అంటే మా మొహాలకు ముందే ఒక ఫ్రేము తయారై ఉంది. మేం వెళ్లి అందులో నిలబడాలి.

మేం ఉత్తర తెలంగాణ ముస్లింలం. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్లం. మాలో కొందరం కెమెరా పట్టుకున్నాం. పట్టుకున్నాక ఈ ఫ్రేమును ఎవరు తయారు చేశారో చదువుకోవాల్సి వచ్చింది. ఫోటోకు చదువేమిటని మా ఊళ్ల స్టూడియోవాళ్లు నవ్వారు. వెలుతురు చూసుకో, చెయ్యి కదలనీయకు, బటన్ నొక్కు, అయిపాయె అన్నారు. కవిత్వం రాసే మిత్రులు కూడా దాదాపు అదే అన్నారు. కవిత్వానికి సిద్ధాంతం కావాలిగానీ ఫోటో మిషన్ పని కదా అన్నారు.

వాళ్లకు మేం చెప్పిన జవాబు వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో 'జల్జలా' వచ్చినప్పుడు తెలుగు కవిత్వంలో ముస్లిం తన గొంతుతో మాట్లాడాడు. ఆ గొంతు ఊరికే రాలేదు. అప్పటిదాకా తెలుగు సాహిత్యంలోనూ సినిమాలోనూ సాయిబు ఎలా కనబడ్డాడో ముందు లెక్క తీయాల్సి వచ్చింది. నమ్మినబంటు, వచ్చీరాని తెలుగు మాట్లాడే హాస్యగాడు, లేకపోతే కత్తి పట్టినవాడు. ఆ లెక్క తీయకుండా కొత్త వాక్యం పుట్టేది కాదు. ఫోటోకైనా అంతే. అందుకే సూసన్ సొంటాగ్‌నూ, రోలాండ్ బార్త్‌నూ, జాన్ బెర్జర్‌నూ పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాం. ఒకరికి అర్థమైంది ఇంకొకరికి సగం తెలుగులో, సగం ఉర్దూలో చెప్పుకున్నాం. చదివేకొద్దీ మాకు ఒకటి తెలిసొచ్చింది. ఆ పుస్తకాలు అడిగే ప్రశ్నలు మా ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి సిద్ధాంతం అనే పేరొక్కటే లేదు.

తస్వీర్ అన్న మాట దగ్గరే చూడండి. మా ఇళ్లల్లో నమాజు చదివే అర్రలో మనుషుల ఫోటోలుండవు. గోడకు ఆయతుల్ కుర్సీ ఫ్రేము ఉంటుంది, మక్కా మదీనా క్యాలెండరు ఉంటుంది. మనుషులు ట్రంకుపెట్టెలో, బట్టల అడుగున, పాత దుపట్టా మడతల్లో ఉంటారు. ఇది చూసి బయటివాళ్లు వీళ్లకు బొమ్మలంటే పడదని తేల్చేస్తారు. లోపలివాళ్లు కొందరు హరాం అని తేల్చేస్తారు. ఈ రెండు తీర్పుల మధ్య జరిగిన పెద్ద వాదన ఎవరి చెవికీ ఎక్కదు.

అల్లా పేర్లలో ముసవ్విర్ ఒకటి. రూపమిచ్చేవాడని అర్థం. ప్రాణమున్న రూపాన్ని చేయడం ఆయన పని, మనిషి అందులో ఆయనతో పోటీకి పోకూడదన్నది నిషేధం వెనకున్న వాదన. కెమెరా వచ్చాక చిక్కు వచ్చింది. ఫోటోలో రూపాన్ని చేసింది ఎవరు? మనిషి చెయ్యా, వెలుతురా? 1914 నుంచి 1920 దాకా ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, ఫోటో అంటే నీడను పట్టి ఉంచడమేగానీ కొత్త రూపాన్ని చేయడం కాదని చెప్పారు. అద్దంలో పడిన అక్స్‌ను కదలకుండా ఆపినట్టన్నమాట. ఉర్దూలో ఫోటోగ్రఫీని అక్కాసీ అంటారు. ఆ మాటలో ఉన్నది ఈ అక్సే. మన దేశపు ఉలమాల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. చేత్తో గీసినా మిషన్‌తో తీసినా తస్వీర్ తస్వీరే అన్నారు. హజ్ పాస్‌పోర్టుకు ఫోటో తప్పనిసరి అయినప్పుడు జరూరత్ కింద సరే అన్నారు.

ఐరోపాలో పుస్తకాలు రాసినవాళ్లూ సరిగ్గా ఈ ప్రశ్న మీదే కొట్లాడారు. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతి లోకానికి తెలిసింది. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1844లో అచ్చు వేయడం మొదలుపెట్టిన తన ఫోటోల పుస్తకానికి 'ప్రకృతి పెన్సిల్' అని పేరు పెట్టాడు. గీసింది నేను కాదు, వెలుతురు అని ఆయన ఉద్దేశం. ఫోటో అనేది వెలుతురు వదిలిన ముద్రా, తీసినవాడు చేసిన వస్తువా అన్న తగాదా ఇప్పటికీ తెగలేదు. అసలు ఈ వెలుతురు లెక్కను మొదట కట్టినవాళ్లలో ఇబ్న్ అల్ హైతమ్ ఒకడు. బస్రాలో పుట్టి కైరోలో బతికిన ఆయన పదకొండో శతాబ్దంలో, సన్నని రంధ్రం నుంచి వెలుతురు చీకటి గదిలోకి వచ్చి గ్రహణం పట్టిన సూర్యుడి బొమ్మను ఎలా వేస్తుందో వివరించాడు. ఫోటోగ్రఫీ సిద్ధాంతం పరాయిదని మమ్మల్ని భయపెట్టేవాళ్లు, అది మన మజహబ్‌కు గిట్టదని బెదిరించేవాళ్లు ఇద్దరూ ఆయన్ను మరిచిపోయారు.

మా నిజాం రాజ్యంలో ఈ కథకు ఇంకో మలుపు ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా చేరిన లాలా దీన్ దయాళ్ మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టినవాడు. నిజాం ఆయనకిచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. 1892లో ఆయన హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక ఇంగ్లిషు స్త్రీ చేతికిచ్చాడు. అక్కడికి వెళ్లగలిగింది దేవిడీల బేగములే, బీడీలు చేసే మా నానమ్మలు కాదు. అయినా ఆ స్టూడియో ఒక సంగతి చెబుతోంది. పర్దా ఉన్నచోట ఫోటో ఉండదన్నది నిజం కాదు. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్న షరతు ఉంది. ఆ షరతును లోకం వెనకబాటుతనం అంది. నూరేళ్లు గడిచాక ఫోటోగ్రఫీ చదువులు దానికే సమ్మతి అని మర్యాదైన పేరు పెట్టాయి.

షరతులు అడగకుండా తీసిన ఫోటోల చరిత్ర కూడా ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లిషు సర్కారుకు ఈ దేశపు మనుషులను గుర్తుపట్టి తెలుసుకోవాల్సిన అవసరం బాగా పెరిగింది. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు వేశారు. నాలుగు వందలకు పైగా ఫోటోలు. ఒక్కో ఫోటో కింద ఒక్కో కులం, తెగ, మతం, దాని గుణగణాలు. వీళ్లు విధేయులు, వీళ్లు నమ్మదగనివాళ్లు అని రాత. ఫోటోలో ఉన్నది ఒక మనిషి. కింద రాత ఆ మనిషిని ఒక జాతికి నమూనాగా మార్చింది. ఈనాటి పేపరులో 'ప్రార్థనలు చేస్తున్న ముస్లింలు' అన్న రాతకూ దానికీ దూరం ఎంత?

ఈ సంగతి ఆదిలాబాద్‌లో మాకంటే ముందు గోండులకు తెలుసు. 1940లలో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాశాడు, వందల ఫోటోలు తీశాడు. గోండుల భూముల కోసం, చదువుల కోసం ఆయన చేసిన పనిని ఆదిలాబాద్ మరిచిపోలేదు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆ ఫోటోలు మాత్రం లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయంలో ఉన్నాయి. ప్రేమతో తీసిన ఫోటో కూడా ఎక్కడ దాచబడిందో, ఎవరికి అందుతుందో అడగాల్సిందే. ఇప్పుడు దీపావళికి దండారీ మొదలవగానే కెమెరాలన్నీ గుస్సాడీల నెమలి ఈకల టోపీల మీదికి పోతాయి. ఆ టోపీ తీసేసి పత్తి చేనుకు పోయే గోండు ఫోటోకు అక్కర్లేదు. వాళ్ల టోపీ వేరు, మా టోపీ వేరు. టోపీ కింది మనిషిని వదిలేసే చూపు మాత్రం ఒకటే.

ఆ లెక్కపెట్టే కన్ను మా ఇళ్లల్లోకి కార్డుల రూపంలో వచ్చింది. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టాక మా ఇళ్లల్లో ఎంతోమంది ఆడవాళ్లు జీవితంలో మొదటిసారి కెమెరా ముందు కూర్చున్నారు. బడి వరండాలో బెంచీ, వెనక గుడ్డ, నఖాబ్ ఎత్తమని అరుపు, ఒక్క క్షణం. మా నానీలకూ దాదీలకూ ఉన్న ఒకే ఒక్క ఫోటో అదే. వాళ్లు పోయాక ఆ గోరంత బొమ్మను స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయించుకున్నాం. పెద్దది చేసేకొద్దీ మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. సర్కారు గుర్తుపట్టడానికి చాలిన మొహం మేం గుర్తు పెట్టుకోవడానికి చాలలేదు.

ఆ కన్ను ఆగలేదు. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాదు పోలీసులు ఒక ముస్లిం కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయనన్నా ఫోటో తీసుకున్నారు. నా ఫోటో ఏం చేస్తారని అడుగుతూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లాడు. మొహాలను గుర్తుపట్టే యంత్రాల మీద ఈ దేశంలో పడిన తొలి కేసుల్లో అదొకటి. నా తస్వీర్ ఎవరిది అన్న ప్రశ్న అట్లా కోర్టు మెట్లెక్కింది.

ఫోటో అబద్ధమాడదు అంటారు. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో పెరిగినవాళ్లను ఆ మాట నమ్మించడం కష్టం. 1978లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే సిరిసిల్ల, జగిత్యాలలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు పేపర్లలో ఎన్‌కౌంటర్ ఫోటోలు. నేల మీద పడుకోబెట్టిన కుర్రవాడు, పక్కన తుపాకీ. చదువు రాని ముసలమ్మలు సైతం ఆ ఫోటోను పట్టుకుని వివరాలు చూసేవాళ్లు. కాళ్లకు చెప్పులున్నాయా, తుపాకీ ఏ చేతి పక్కన ఉంది, బట్టలకు మట్టి అంటిందా అని. ఫోటో ఆధారమే. అయితే దేనికి ఆధారం, ఎవరు అమర్చిన ఆధారం అని అడగడం ఈ పల్లెలు సొంటాగ్‌ను చదవకుండానే నేర్చుకున్నాయి.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత హైదరాబాదులో పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. నల్లగుడ్డ మొహాలు, టెర్రరిస్టులన్న అక్షరాలు. వాళ్లలో ఎందరో కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. కోర్టు తీర్పు ఫోటోకు వర్తించదు. నల్లగుడ్డకు మొహం లేదు కాబట్టి అది ఏ ముస్లిం మొహానికైనా సరిపోతుంది. పేపరులో ఆ ఫోటో చూసినవాడు బస్సులో మా పక్కన కూర్చున్నప్పుడు మా భుజాలు వాటంతట అవే ముడుచుకుంటాయి.

ఇంతసేపూ మమ్మల్ని అనుమానించే ఫోటోల సంగతి. మా మీద జాలిపడే ఫోటోల సంగతి ఇంకా చిక్కు. 2002 మార్చి 1న అహ్మదాబాద్‌లో కుతుబుద్దీన్ అన్సారీ అనే దర్జీ, చుట్టూ మంటల మధ్య చేతులు జోడించి కళ్ల నిండా నీళ్లతో ప్రాణభిక్ష అడుగుతున్నప్పుడు రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ అర్కో దత్తా ఫోటో తీశాడు. ఆ ఫోటో లోకమంతా తిరిగింది. గుజరాత్‌లో ఏం జరిగిందో కాదనడానికి వీల్లేకుండా చెప్పింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ అన్సారీకి ఏమైంది? పోయిన చోటల్లా ఆ ఫోటోలో మనిషి అన్నారు. పనులు పోయాయి. ఊళ్లు మారాడు, కలకత్తా దాకా వెళ్లి బతికి తిరిగొచ్చాడు. పార్టీలు ఆయన్నడగకుండా ఆ ఫోటోను ఎన్నికలకు వాడుకుంటే, వద్దని మళ్లీ ఆయనే మొత్తుకోవాల్సి వచ్చింది. బట్టలు కుట్టే ఆ మనిషి జీవితంలో ఆ ఫోటో ఒక్క క్షణం. లోకానికి ఆ క్షణమే ఆయన.

సొంటాగ్ 1977లో వచ్చిన పుస్తకంలో బాధల ఫోటోలు చూడగా చూడగా మనసు మొద్దుబారుతుందని వాదించింది. 2003లో రాసిన పుస్తకంలో ఆ మాటను తనే తిరిగి ప్రశ్నించుకుంది. ఇజ్రాయెల్‌లో పుట్టిన అరియెల్లా అజూలే 2008లో ఇంకో దారి చూపింది. ఫోటో తీసినవాడి ఆస్తి కాదు, కొన్నవాడి ఆస్తి కాదు, అందులో ఉన్న మనిషికీ చూసే మనిషికీ దాని మీద హక్కూ బాధ్యతా ఉన్నాయని ఆమె వాదన. అన్సారీ కథ తెలిసినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

మాకిది దూరపు చర్చ కాదు. 2008 అక్టోబరులో భైంసాలో అల్లర్లు చెలరేగాయి. పక్కనున్న వట్టోలిలో ఒక ముస్లిం కుటుంబంలో ఆరుగురిని సజీవంగా కాల్చేశారు. అలాంటి ఇంటి ఫోటో ఎలా ఉండాలి? మాలో కొందరు బూడిద ఫోటోలు వద్దంటారు. చనిపోయినవాళ్లను చివరి క్షణపు బొమ్మలుగా మార్చే హక్కు ఎవరికీ లేదంటారు. ఇంకొందరు, ఫోటో లేకపోతే రేపు అసలు జరగనే లేదంటారు కదా అని అడుగుతారు. ఈ వాదన మాలో తెగలేదు. తెగిందని చెప్పేవాళ్లను మేం నమ్మం.

బార్త్ పుస్తకం మాకు దగ్గరైంది ఇక్కడే. 1977లో తల్లి చనిపోయాక ఆయన పాత ఫోటోల్లో ఆమెను వెతుక్కున్నాడు. ఎన్నో ఫోటోల్లో ఆమె దొరకలేదు. చివరికి ఆమె ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పటి ఒక ఫోటోలో దొరికింది. 1980లో వచ్చిన ఆ పుస్తకమంతా ఆ ఫోటో చుట్టూ తిరుగుతుంది. కానీ ఆ ఫోటో పుస్తకంలో లేదు. మీకది మామూలు ఫోటోయే, నాకు మాత్రమే అమ్మ అని ఆయన దాన్ని దాచుకున్నాడు. ఫోటోగ్రఫీ మీద పేరు మోసిన పుస్తకాల్లో ఒకటి, తనకు ప్రాణమైన ఫోటోను చూపించకుండా రాసింది. మా ఇళ్లల్లో అమ్మీ ఫోటో దుపట్టా మడతలో ఎందుకుందో దీంతో పూర్తిగా అర్థమైందని అనం. దాచడం కూడా ఫోటోతో మనిషికుండే ఒక సంబంధమని మాత్రం అర్థమైంది.

అయితే ఒక మాట మా వాళ్లతో నిష్ఠూరంగా మాట్లాడాలి. దాచింది ఎవరు? బార్త్ తన చేత్తో దాచుకున్నాడు. మా ఇళ్లల్లో చాలాసార్లు ఆడవాళ్ల ఫోటోలను దాచింది, చించింది, పొయ్యిలో వేసింది మగవాళ్లు. పెళ్లికి ముందు స్నేహితురాళ్లతో దిగిన ఫోటోను అత్తారింట్లో చించేస్తే నోరు మూసుకున్న ఆపాలు మా బంధువుల్లోనే ఉన్నారు. జేబులో కెమెరా ఫోను పెట్టుకుని, దావత్‌లో సెల్ఫీలు దిగి, ఇంటికొచ్చి భార్య ఫోటో హరాం అనే మగవాడిది దీన్ కాదు, పెత్తనం. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్న షరతు ఫోటోలో ఉన్న మనిషి పెట్టాలి. భర్తా, జమాతూ, పేపరూ, పోలీసూ ఆ మనిషి బదులు షరతు పెడితే అన్నీ ఒక్కటే.

మరి ఈ చదువంతా మేం ఫోటో తీసే తీరులో ఏం మార్చింది? బీడీల సంగతి చెబుతాం. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఇళ్లకు పోయాం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. బీడీ కార్మికుల మీద ఏ వ్యాసం చూసినా దాదాపు ఒకటే ఫోటో ఉంటుంది. వేళ్లు, ఆకు. మొహం ఉండదు. పర్దాను గౌరవించామని తీసినవాళ్లు అంటారు. మేం ఏ ఫోటో తీయాలని ముందే ఆ ఆడవాళ్లను అడిగాం. ఒక ఖాలా అన్నది: "చేతులు తీస్తే ఎవరివని తెలుస్తది బేటా? మునుపు వచ్చినోళ్లు గూడ చేతులే తీసుకపోయిండ్రు. నలభై ఏండ్ల సంది చేస్తున్న, మొఖం తియ్యి." పక్కనే ఉన్న ఆమె కోడలు మొహం వద్దన్నది. తన చాట, తన చెప్పులు, గోడకున్న తన పిల్ల బడి సంచీ తీయమన్నది. ఇద్దరూ ముస్లిం స్త్రీలే, ఒకే ఇంటివాళ్లే. అడగకుండా పోతే ఇద్దరికీ ఒకే ఫోటో తీసేవాళ్లం.

మొహం తీయమన్న ఖాలా చీర మార్చుకుని, చాట పక్కన పెట్టి, గోడకు నిలబడింది. పని చేస్తుండగా సహజంగా తీయాలన్నది పత్రికల నియమం. ఆమెకు ఆ సహజం అక్కర్లేదు. స్టూడియోలోలాగా ఎదురుగా చూస్తూ నిలబడటం కావాలి. క్రిస్టఫర్ పిన్నీ మధ్యప్రదేశ్‌లోని నాగ్దా స్టూడియోల మీద 1997లో రాసిన పుస్తకంలో చెప్పిందీ ఇదే. చిన్న ఊళ్ల జనం ఫోటోలో తాము ఉన్నట్టు ఉండటం కంటే తాము ఉండాలనుకున్నట్టు ఉండటానికి స్టూడియోకు వెళ్తారు. మాలీ దేశంలో బమాకో నగరంలో సెయ్దూ కెయిటా అనే ముస్లిం 1948లో స్టూడియో పెట్టి, పక్కదుప్పటిని వెనక కట్టి, తన ఊరివాళ్లను వాళ్లు కోరుకున్న దర్జాలో తీశాడు. 1990లలో ఆ ఫోటోలు పారిస్ వెళ్తే లోకం వాటిని గొప్ప కళ అంది. మా కరీంనగర్ స్టూడియోల్లోనూ అలాంటి వెనక తెరలున్నాయి. జలపాతం, తాజ్‌మహల్, మెట్లు. దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి పోయిన మనిషికి భార్య, పుట్టిన బిడ్డ ఆ తెరల ముందు నిలబడి ఫోటో పంపేవాళ్లు. అక్కడి నుంచి ఆయన ఎవరిదో కారుకు ఆనుకుని దిగిన ఫోటో పంపేవాడు. కారు ఆయనది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అది అబద్ధం కాదు. ఎడారిలో తాపీ పని చేస్తూ ఆయన ఇంటికి పంపిన ధైర్యం అది. సిద్ధాంతం చదివాక ఈ ఫోటోలను చిన్నచూపు చూడటం మానుకున్నాం. ఇప్పుడు మేం ఇళ్లకు పోతే కొత్త ఫోటో తీయడానికి ముందు ట్రంకుపెట్టెలోని పాత ఫోటోల కథ వింటున్నాం.

రెండో మార్పు ఫోటో కింద రాతలో వచ్చింది. బెర్జర్ 1972లో వాన్‌గో వేసిన గోధుమ చేను, కాకుల బొమ్మను ముందు ఊరికే చూపిస్తాడు. తర్వాత ఇది ఆయన చావుకు ముందు వేసిన చివరి బొమ్మ అని కింద రాసి చూపిస్తాడు. బొమ్మ అదే, చూపు మారిపోతుంది. పీరీల పండుగ ఫోటో తీసి 'మత సామరస్యం' అని రాస్తే దాని పనైపోతుంది. పీరీని ఎత్తిన మనిషి ఎవరు, మొక్కు మొక్కిన అమ్మ ఎందుకు మొక్కింది, అగ్గిగుండం తవ్వింది ఎవరు, ఆ ఊళ్లో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేకపోయినా పీర్ల కొట్టాన్ని ఎవరు చూస్తున్నారు, ఇవన్నీ ఆ రెండు మాటల కింద కప్పబడిపోతాయి. అందుకని మేం ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకుంటే పేరు, పని, ఆ మనిషి ఆ ఫోటో గురించి అన్న మాట రాస్తున్నాం. ఈ దారిలో మాకు తోవ చూపిన పుస్తకం దయానితా సింగ్‌ది. ఢిల్లీలో ఖబరస్తాన్‌లో బతికిన మోనా అహ్మద్ అనే హిజ్రా ఫోటోలతో 2001లో ఆమె వేసిన పుస్తకంలో మాటలు మోనావే. తనను ఎలా చూడాలో మోనానే చెప్పింది.

మూడోది చాలా చిన్న పని. తీసిన ఫోటోను కాగితం మీద వేయించి తీసుకుపోయి ఇస్తాం. ఫోన్లో పంపితే సరిపోదా అంటారు కుర్రాళ్లు. కాగితం మీది ఫోటోను ట్రంకుపెట్టెలో పెట్టుకోవచ్చు, గోడకు పెట్టుకోవచ్చు, ఇష్టం లేకపోతే చించేయవచ్చు. ఆ మూడు హక్కులూ వాళ్లవే.

తెలంగాణ మనిషిని, బతుకమ్మను, పల్లె ఇళ్ల తలుపులను దశాబ్దాల పాటు తీసి 2022 జనవరిలో వెళ్లిపోయిన భరత్ భూషణ్ వంటివాళ్లు ఇక్కడి కెమెరాను ఇక్కడి జనం వైపు తిప్పారు. ఆ బాటలో మా గల్లీలు ఇంకా రావాల్సే ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. మెట్‌పల్లిలో బీడీలు చేసే ఇంటి పిల్ల అక్కడిదాకా పోవాలంటే ఫీజు, హాస్టలు, ఇంట్లో మగవాళ్ల అనుమతి అన్నీ దాటాలి. ఆ పిల్ల కెమెరా పట్టుకున్న రోజు మేం ఇప్పుడు తీస్తున్న ఫోటోలను కూడా ఆమె ప్రశ్నిస్తుంది. ప్రశ్నించాలి. మగవాళ్లుగా మాకు తెరుచుకోని అర్రలు, మా ముందు విప్పని మాటలు ఆమె దగ్గరుంటాయి.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మీరు మా పక్షాన నిలబడ్డ ప్రతిసారీ మా దగ్గర రెండు ఫోటోలే అడుగుతారు. ఒకటి గాయం, ఇంకొకటి సామరస్యం. మాకు గాయాలున్నాయి, ఇరుగుపొరుగుతో ప్రేమలూ ఉన్నాయి. వాటితోపాటు కరెంటు బిల్లు కట్టే లైను, పిల్లల ఇంటర్ రిజల్టు, అప్పులు, అత్తాకోడళ్ల తగవు, మసీదు కమిటీ రాజకీయాలు, మా ముస్లింలలోనే ఉన్న హెచ్చుతగ్గులు కూడా ఉన్నాయి. అవి లేని ఫోటోలో ఉన్నది మేం కాదు. మా వాళ్లకు ఒక మాట. తస్వీర్ వద్దంటూ కూర్చుంటే తస్వీర్లు ఆగవు. మనవి మనం తీయకపోతే వేరేవాళ్లు తీస్తారు, కింద రాత కూడా వాళ్లే రాస్తారు. పేపరు ఆఫీసులకు కూడా చిన్న విన్నపం. వచ్చే రంజాన్ తెల్లారి ఈద్గా ఫోటో వేయండి, వద్దనం. ఆ వరసలో ఒక్క మనిషి పేరడిగి, ఏం పని చేస్తాడో అడిగి, కింద రాయండి.